ఏ ప్రాణీ బాధపడని వంటిల్లు

కోడికాలికి ఎముక కావాలి. కోడి అక్కర్లేదు, ఎముక మాత్రం ఉండాలి. అందుకని వంటమాస్టరు పొద్దున్నే ఎనభై చెక్కపుల్లలు నీళ్లలో నానేసుకుంటాడు. గోధుమపిండి ముద్దని కుళాయి కింద పెట్టి పిసికి పిసికి కడుగుతాడు. పిండంతా తెల్లటి నీళ్లలా పోయి చివరికి సాగే జిగురుముద్ద ఒకటి మిగులుతుంది. దాన్ని పుల్లకి చుట్టి, పైన లావుగా, కింద సన్నగా నొక్కి, ఆవిరి మీద ఉడికించి వేయిస్తే కాలు తయారు. బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు పుల్ల పట్టుకుని పళ్లతో పీకితే నారనారగా రావాలి. రాకపోతే పళ్లెం వెనక్కొస్తుంది.

"మానేశాం మానేశాం అంటారు, మళ్లీ కాలే కావాలంటారు," అన్నాడు సోమవారం నాడు, ముద్దని బల్లకేసి కొడుతూ. "వద్దని వదిలేసిన మొగుడి ఫొటోకి రోజూ ముద్దు పెట్టుకున్నట్టుంది వీళ్ల యవ్వారం."

వెనక సింకు పక్కన కూరగాయలు తరిగే ఆవిడ తన పనిలో తను ఉంది. యాభై దాటిన మనిషి, వంగిన మెడ, పొట్టి చేతుల జాకెట్టు మీద ప్లాస్టిక్ ఏప్రన్. అతను ఆమెకి నత్త అని పేరు పెట్టాడు. కాలీఫ్లవర్ పువ్వు చేతికొస్తే ఒక్కో రెమ్మ విడదీసి, వెలుతురుకి ఎత్తి చూసి, లోపల పచ్చపురుగు కనిపిస్తే చాకుమొనతో తియ్యదు. వేలు అడ్డం పెడుతుంది. అది వేలెక్కేదాకా ఆగుతుంది. ఎక్కాక డబ్బామూతలో దింపి, మూత నిండాక పెరటి తలుపు తీసి గోడవార మొక్కల్లో వదిలి వస్తుంది. అంతసేపూ మాస్టరు మూకుడులో నూనె కాగుతూ ఉంటుంది.

"ఏమ్మా, పురుళ్లు పోయడం అయిందా?"

"అయింది మాస్టారూ."

"తల్లీ బిడ్డా క్షేమమేనా?"

ఆమె నవ్వలేదు, కోపం తెచ్చుకోలేదు. రెమ్మలు తూచి గిన్నెలో వేసింది. ఈవిడకీ ముదిరింది పిచ్చి, అనుకున్నాడు. బయట బల్లల దగ్గర కూర్చునే జాతిదే ఈవిడా. కాకపోతే వాళ్లది ఇస్త్రీ బట్టల భక్తి, ఈవిడది ఏప్రన్ భక్తి.

భోజనశాలలో అడుగుపెట్టగానే గోడమీద అరచేయంత అక్షరాలతో ఒక వాక్యం ఉంటుంది: 'ఈ వంటింట్లో ఏ ప్రాణీ బాధపడదు.' రాయించింది యజమానురాలు మేడమ్. మాస్టరు ఆవిడకి పెట్టిన పేరు దయామయి. పాలు, తేనె, పట్టు, తోలు, ఏవీ ముట్టదు. చెప్పులు కూడా ఏదో చెట్టు బెరడుతో చేసినవని వచ్చినవాళ్లందరికీ కాలెత్తి చూపిస్తుంది. అలాగే మాస్టరునీ చూపిస్తుంది. బాగా డబ్బున్న అతిథులొస్తే అతన్ని వంటింట్లోంచి పిలిపించి, "ఈయన ఒకప్పుడు రోజుకి వంద కోళ్లు కోసిన మనిషి. ఇక్కడికొచ్చాక మాంసం వాసన కూడా చూడలేదు," అంటుంది. మొదటిసారి అన్నప్పుడు అతను కాదనలేదు. రెండోసారికి తలొంచడం నేర్చుకున్నాడు. మూడోసారి కళ్లు కూడా తుడుచుకున్నాడు. ఇంటికెళ్లి ఆ కన్నీళ్ల కథ చెప్పి పెళ్లాన్ని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించాడు.

ఆ సోమవారమే సామాన్లగదిలో చిక్కుడుగింజల బస్తా మూలన చిల్లు కనిపించింది. కింద గింజలు, గింజల మధ్య నల్లటి పెంటికలు. మాస్టరు వెళ్లి చెప్పాడు. దయామయి వంటింటి గడప దాకా వచ్చి ఆగింది. లోపలికి ఆవిడ ఎప్పుడూ రాదు; తాలింపు ఘాటు పడదు.

"ఎలుకలండీ. మందు పెట్టమంటారా?"

"మందా!" ఆవిడ గుండెమీద చెయ్యి వేసుకుంది. "మన చోట విషమా? మాస్టారూ, శుక్రవారం ఐదేళ్ల పండగ. పత్రికలవాళ్లొస్తున్నారు. మనమెవరమో మీరు మర్చిపోతున్నారు."

"మర్చిపోలేదండి. ఎలుకలకే తెలీదు మనమెవరమో."

మధ్యాహ్నానికి ఒక పార్సిలొచ్చింది. విప్పితే ఆరు అట్టలు, పుస్తకంలా మడిచినవి, మధ్యలో తేనెరంగు బంక. దయామయి గడప అవతలే నిలబడి, గోడవైపు చూస్తూ చెప్పింది. "ఇందులో విషం లేదట. రక్తం కూడా రాదట. శుభ్రమైన పద్ధతి అన్నాడు షాపతను. మిగతావన్నీ నాకు చెప్పకండి. నా మనసు తట్టుకోలేదు."

మాస్టరు అట్టలు విప్పి, ఒక్కోదాని మధ్య వేరుశనగ ముద్ద అతికించి, బస్తాల వెనక గోడవారగా పరిచాడు. పని అయ్యాక చూపుడువేలికి అంటిన బంక సబ్బుతో పోలేదు. కాసేపు దాన్ని బొటనవేలికి నొక్కి, విడదీసి, సాగే దారాన్ని చూసి, "దీనిక్కూడా పుల్ల గుచ్చి వేయిస్తే లొట్టలేసుకుంటూ తింటారు," అన్నాడు నత్తతో.

ఆమె అట్టలవైపు చూసింది. "ఇవి ఎలా పనిచేస్తాయి మాస్టారూ?"

"నడిచొస్తాయి. నిలబడిపోతాయి. అంతే."

"తర్వాత?"

"తర్వాతేముంది, తర్వాత లేదు."

మంగళవారం పొద్దున్న సామాన్లగది తలుపు తీసేసరికి మూడు పడి ఉన్నాయి. ఒకటి చచ్చిపోయింది. ముందుకాళ్లు లాక్కోబోయి మొహం కూడా అంటించుకుంది. ముక్కుల్లోకి బంక పోయింది. రెండోది పక్కకి ఒరిగి డొక్కలెగరేస్తోంది. మూడోది పెద్దది. నాలుగుకాళ్లూ తోకా అతుక్కుని, అలికిడి కాగానే అరిచింది. ఆ అరుపు సన్నగా, చెంచాతో పింగాణీ మీద గీసినట్టుంది. మాస్టరు జీవితంలో కోసిన వాటికి లెక్కలేదు. మూడు అట్టల్నీ మడవబోయి, పెద్దది అడ్డం వస్తే మడవకుండానే తీసుకెళ్లి, పెరట్లో చెత్తడబ్బాలో వేసి మూత పెట్టాడు. మూత సరిగ్గా పడలేదని ఇంకోసారి నొక్కాడు.

తొమ్మిదికల్లా పిండి కడగడం అయింది. క్యారెట్లు కావాలి. వెనక్కి తిరిగితే బల్ల దగ్గర మనిషి లేదు. క్యారెట్లు తొక్కుతో అలాగే ఉన్నాయి. పెరటి తలుపు తెరిచి ఉంది.

నత్త మెట్టు మీద కూర్చుని ఉంది. చేతులకి పాత్రలు తోమే రబ్బరు తొడుగులు. ఒళ్లో పాత తువ్వాలు, తువ్వాలు మీద అట్ట, అట్టమీద ఆ పెద్ద ఎలుక. దాని తలమీద గుడ్డపీలిక కప్పింది. అది అరవడం లేదు. పక్కన సలాడ్ల మీద చల్లే నూనె సీసా ఉంది. చెంచాలో వంచుకుని, కాలి కిందకి చుక్క చుక్కగా జార్చి, అగ్గిపుల్లతో బంకని కొద్దికొద్దిగా వెనక్కి నెడుతోంది. ఒక వేలు ఊడింది. మళ్లీ చుక్క. మళ్లీ ఇంకో వేలు.

"ఎలుకకి తలంటా!" అన్నాడు మాస్టరు. "సున్నిపిండి తెమ్మంటావా?"

"వేడినీళ్లుంటే ఇవ్వండి మాస్టారూ. నూనె గోరువెచ్చగా అయితే తొందరగా వదుల్తుంది."

"క్యారెట్లు ఎవరు తరుగుతారు? మీ నాన్నా?"

"ఇది అయ్యాక వస్తాను."

"దాన్ని వదిలితే రాత్రికి మళ్లీ అదే బస్తాకి వస్తుంది, తెల్సా?"

"తెల్సు." ఆమె తలెత్తలేదు. "చంపాలంటే చంపండి. నేనొద్దన్లేదు. డబ్బాలో వేసి మూత పెట్టడమేంటి? నేనొచ్చి గంటైంది. గంటనుంచీ గీరుతోంది."

అతనూ విన్నాడు ఆ గీరుడు. పిండి కడుగుతున్నంతసేపూ విన్నాడు; కుళాయి కొంచెం ఎక్కువ తిప్పుకున్నాడు. ఆ మాట చెప్పకుండా లోపలికెళ్లి క్యారెట్లు తనే తరిగాడు. కోపంలో ముక్కలు ఒకటి లావుగా, ఒకటి సన్నగా పడ్డాయి. పావుగంట తర్వాత కిటికీలోంచి చూస్తే తోక మిగిలింది. తోక అన్నిటికన్నా కష్టంలా ఉంది. కొంత తోలు అట్టకే ఉండిపోయింది. ఆమె ఎలుకని తువ్వాలులో చుట్టుకుని పక్క సందులోకి నడిచింది. వచ్చి రెండోదాన్ని చూసింది. దానికి కాళ్లు వదిలినా నడిచే ఓపిక లేదనుకుందేమో, ఇటుకరాయి తెచ్చి తలమీద ఒక్కటే దెబ్బ వేసింది. చేతులు రెండుసార్లు కడుక్కుని, బల్ల దగ్గరికొచ్చి, అతను తరిగిన క్యారెట్లలో లావు ముక్కలన్నీ ఏరి మళ్లీ తరిగింది.

ఆ సాయంత్రం ఇంట్లో కోడికూర. భార్య చొక్కాలకి గుండీలు కుట్టే పని ముగించుకుని, దారప్పోగులు ఒళ్లోంచి దులుపుకుని అతని ఎదురుగా కూర్చుంది. అతను తువ్వాలు, అగ్గిపుల్ల, తలంటు అన్నీ అభినయించి చెప్పాడు. ఎప్పట్లా నవ్వుతుందనుకున్నాడు.

"ఒక్క దెబ్బతో చంపేసిందా రెండోదాన్ని?" అంది ఆమె.

"ఆఁ. అదీ దయే కాబోలు వాళ్ల శాస్త్రంలో."

"నువ్వు కోళ్లు కోసేటప్పుడు కత్తి రోజుకి మూడుసార్లు నూరేవాడివి. మొద్దుకత్తితో కోస్తే పాపమని."

"అది పని పద్ధతి."

"మరి ఇదేం పద్ధతి? డబ్బాలో..." ఆమె ఇంకో ముక్క అతని కంచంలో వేసింది. "తిను. శుక్రవారం మళ్లీ నువ్వు మాంసం మానేసినందుకు చప్పట్లు కొడతారుగా. ఓపిక కావాలి."

బుధవారం పదకొండుగంటలకి పక్కనున్న కేకులషాపు అతను కౌంటరు దగ్గరికొచ్చి నాలుగు బల్లలకీ వినిపించేలా అరిచాడు. వీళ్ల వంటమనిషి ఎలుకని తువ్వాల్లో చుట్టుకొచ్చి తన షాపు వెనక కాలవలో వదిలిందట. తన కళ్లతో చూశాట్ట. మీరు దయగలవాళ్లయితే మీ ఎలుకల్ని మీరే పెంచుకోండి, మా మీదకి తోలకండి, అన్నాడు. ఒక బల్ల దగ్గరివాళ్లు లేచి వెళ్లిపోయారు.

దయామయి గడప దగ్గరికొచ్చింది. మొహం ఎర్రగా ఉంది గాని గొంతు పెంచలేదు. ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచదు.

"ఎలుకల్ని చేత్తో పట్టుకుని, ఆ చేత్తోనే కూరలు తరుగుతున్నావా?"

"తొడుగులు వేసుకున్నానండీ. సబ్బుతో కడుక్కున్నాను."

"ఛీ. చెబుతుంటేనే వాంతొస్తోంది. అసలు ఎలుక నీ చేతికి ఎలా వచ్చింది?"

"అట్టకి అంటుకునుందండీ. చెత్తడబ్బాలో బతికే ఉంది."

"వివరాలొద్దు!" ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "నీ మనసు మంచిదే కావచ్చు. నేను కాదనను. కానీ ఇది వంటిల్లు. రేపట్నుంచి రావద్దు."

నత్త ఏప్రన్ ముడి విప్పడానికి చేతులు వెనక్కి పోనిచ్చింది. ముడి బిగుసుకుపోయినట్టుంది, కాసేపు పట్టింది. అప్పుడొక్కసారి మాస్టరు వైపు చూసింది. అట్టలు పరిచింది నేనండీ, డబ్బాలో వేసింది నేనండీ అని అతను అనడానికి అంతకంటే సమయం అక్కర్లేదు. అతను గరిటెతో సూపు కొంచెం అరచేతిలో వేసుకుని నాకి, ఉప్పు సరిపోయిందో లేదో ఆలోచిస్తున్నవాడిలా పైకి చూశాడు. ఉప్పు సరిపోయింది. ఆమె ఏప్రన్ మడిచి బల్లమీద పెట్టి, పెరటి తలుపులోంచి వెళ్లిపోయింది.

గురువారం అతను ఒక్కడే వండాడు, ఒక్కడే తరిగాడు. కాలీఫ్లవర్ ఉప్పునీళ్లలో పడేస్తే పురుగులన్నీ పైకి తేలాయి. వాటిని నీళ్లతో సహా సింకులో పారబోశాడు. పని తొందరగా అయింది. రోజంతా కసురుకోడానికి మాత్రం మనిషి దొరకలేదు.

శుక్రవారం సాయంత్రం బల్లల మీద తెల్లగుడ్డలు పరిచారు. అరవైమంది వచ్చారు. ఒకాయన గుడ్డసంచీ భుజానికి తగిలించుకుని, సంచీ మీద ఆవుబొమ్మ కనిపించేలా నిలబడ్డాడు. ఒకావిడ తను ఎన్నేళ్ల క్రితం మానేసిందో చెబితే, పక్కావిడ అంతకు రెండేళ్ల ముందే మానేశానంది. మొదటావిడ, నేను మనసులో ఇంకా ముందే మానేశానంది. ఎనభై కాళ్లూ పావుగంటలో అయిపోయాయి. బల్లలమీద చీకిన పుల్లలు గుట్టగా పడ్డాయి.

దయామయి గోడమీది అక్షరాల కింద నిలబడి మాట్లాడింది. చీమని చూసి పక్కకి తప్పుకున్న రోజు తనలో ఏం జరిగిందో చెప్పింది. కళ్లల్లో నిజంగానే నీళ్లు తిరిగాయి. తర్వాత, "మా మాస్టారు," అని చెయ్యి చాచింది. అతను చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. వంద కోళ్ల కథ అయింది. తలొంచే చోటు వచ్చింది. "రెండు మాటలు మీరే చెప్పండి," అందావిడ. ఇది ఎప్పుడూ లేదు.

అతనికి అరవై మొహాలు కనిపించాయి. అరవై మొహాలూ ముందే మెచ్చుకుని ఉన్నాయి. ఒళ్లు మండింది.

"నేను మాంసం మానలేదండి," అన్నాడు. "నిన్న కూడా తిన్నాను. ఇవాళ ఇంటికెళ్లి మళ్లీ తింటాను. మేడమ్ చెప్పినప్పుడల్లా తలొంచాను, అంతే. ఇక్కడ జాలి ఉన్న మనిషి ఒకావిడ ఉండేది. కూరలు తరిగేది. బంకకి అతుక్కుపోయిన ఎలుకని గంటసేపు కూర్చుని విడిపించింది. అందుకని ఆవిణ్ణి మొన్న తీసేశారు."

ఇప్పుడు కదా చూడాలి వీళ్ల మొహాలు, అనుకున్నాడు. గుడ్డసంచీ ఆయన ముందు మొదలెట్టాడు. తర్వాత అందరూ. చప్పట్లు. "ఎంత నిజాయితీ!" అంది పత్రికావిడ, గబగబా రాసుకుంటూ. దయామయి మొహం ఒక్క క్షణం పాలిపోయింది. మరుక్షణం అతని చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. "చూశారా? ఇక్కడ ఎవరూ అబద్ధం ఆడక్కర్లేదు. ఆవిడ విషయంలో నేను తొందరపడ్డాను. ఒప్పుకుంటున్నాను." మళ్లీ చప్పట్లు, ఈసారి ఇంకా గట్టిగా. పత్రికావిడకి ఎలుకల తల్లి ఫొటో కావాలిట. "రేపే పిలిపిస్తాను," అంది దయామయి. అందరూ వెళ్లాక అతని దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది. "పొద్దున్నే వెళ్లి తీసుకురండి మాస్టారూ. ఆ పాత ఏప్రనే వేసుకోమనండి. ఫొటోకి బాగుంటుంది."

అయినా శనివారం పొద్దున్న ఆమెని వెతుక్కుంటూ వెళ్తున్నప్పుడు అతని నడకలో ఒక ఊపుంది. అంతమంది ముందు నోరువిప్పి చెప్పింది తను. ఆమె పేరు నిలబెట్టింది తను. ఆమె గుమ్మంలో నిలబడి కళ్లొత్తుకుంటే ఏమనాలో కూడా అనుకున్నాడు. ఇంట్లో ఆమె కోడలుంది. "అత్తయ్య మార్కెట్‌కి పోయింది. నిన్నట్నుంచి అక్కడే పని," అంది.

మార్కెట్లో కూరల వరసంతా తిరిగాడు. కనిపించలేదు. "ఆవిడా? చేపల దగ్గర చూడండి," అన్నాడు ఉల్లిపాయలవాడు.

తడి గచ్చు, పొలుసులు, ఐసు కరిగిన నీళ్లు. తొట్టెల వెనక పొట్టి స్టూలు మీద ఆమె కూర్చుని ఉంది. మోచేతుల దాకా వెండిరంగు. పక్క దుకాణాల్లో చేపని తొట్టెలోంచి తీసి, అది కొట్టుకుంటుండగానే ఒంటిమీద కాలేసి పొలుసులు గీసేస్తున్నారు. ఆమె ఒక్కోదాన్ని తీసి, తడిగుడ్డలో పట్టుకుని, తల వెనక చెక్కసుత్తితో ఒక్కటి కొడుతుంది. కదలిక పూర్తిగా ఆగిందో లేదో వేలితో కన్ను తాకి చూస్తుంది. అప్పుడు గీరుడు మొదలు. ముందు ఐదుగురు సంచులు పట్టుకుని విసుక్కుంటున్నారు. "కొంచెం చెయ్యి ఆడించమ్మా తల్లీ," అంటున్నాడు దుకాణదారు.

మాస్టరు సంచులవాళ్లని తోసుకుని ముందుకొచ్చాడు. "ఇదేంటి? నువ్వు..."

"పని, మాస్టారూ."

"నువ్వు తినవు కదా?"

"ఎవరు చెప్పారు?" ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "దొరికినప్పుడు తింటాను. తలకాయలు ఇస్తానన్నాడు ఈయన, సాయంత్రం అవే వండుకుంటాం."

"మరి ఆ పురుగులు, ఆ ఎలుక..."

"అవి నేను తినేవి కాదు కదా." ఇంకో చేప తీసింది. కొట్టింది. కన్ను తాకింది.

అతను వచ్చిన పని చెప్పాడు. సభ, పత్రిక, ఫొటో. తను మాట్లాడిన మాటలు పొల్లుపోకుండా చెప్పాడు. ఆమె పొలుసులు గీరుతూనే వింది.

"చప్పట్లు కొట్టారా?"

"కొట్టారు."

"మరింకేం."

అతనికి రోషం వచ్చింది. "నీ కోసమే చెప్పాను. ఆవిడ చేసిన పనికి..."

"ఆవిడేం చేసింది మాస్టారూ? ఆవిడ చూడలేదు. చూడనని చెప్పే ఉంది కదా ముందే." ఆమె చేతివెనకతో నుదురు తుడుచుకుంది, అక్కడొక పొలుసు అంటుకుంది. "మూత పెట్టింది మీరు. ఎలుక ఎలా ఉంటుందో, చావు ఎలా ఉంటుందో అక్కడ మీ ఒక్కరికే తెలుసు. అందుకే మీ వైపు చూశాను ఆ రోజు. మీరు ఉప్పు చూస్తున్నారు." గొంతులో నిందేమీ లేదు, బియ్యంలో రాళ్లున్నాయి అని చెప్పినట్టు చెప్పింది. "అట్టలు తీశారా?"

అతని చూపు తొట్టెలోని చేపల మీదికి పోయింది.

"పక్కకి జరగండి మాస్టారూ. వెనకాల జనం ఉన్నారు."

తిరిగొచ్చేసరికి పదిన్నర. దయామయి గుమ్మంలోనే ఎదురైంది. పత్రికావిడ పదకొండున్నరకి వస్తుందట.

"ఏదీ ఆవిడ?"

"రాదండి."

"ఎందుకని? జీతం పెంచుతానని చెప్పారా?"

దారంతా అతను ఈ మాట కోసం పదునైన జవాబులు నూరుకుంటూనే వచ్చాడు. వాటన్నిటినీ పక్కనబెట్టాడు. "సామాన్లగదిలో అట్టలున్నాయండి ఇంకా," అన్నాడు.

"ఏ అట్టలు?"

ఆవిడ మొహంలోకి చూశాడు. అబద్ధం లేదు. సోమవారం గోడవైపు తిరిగి చెప్పిన మాట ఆ గోడలోనే ఇంకిపోయింది.

"రండి, చూపిస్తాను."

"ఇప్పుడా? నాకలాంటివి చెప్పొద్దన్నాను కదా. ముందు పొయ్యి వెలిగించండి, భోజనాల టైమవుతోంది."

మాస్టరు వంటింట్లోకి వెళ్లాడు. పొయ్యి దాటి, బల్ల దాటి, సామాన్లగది తలుపు బార్లా తీశాడు. బస్తాల వెనకనుంచి ఆ సన్నటి అరుపు వచ్చింది. ఆగింది. మళ్లీ వచ్చింది. అది గడప దాకా వినపడుతుంది. గడప అవతల దయామయి చెట్టుబెరడు చెప్పులమీద నిలబడి ఫోను చూసుకుంటోంది. వేలు మాత్రం ఫోను మీద కదలడం లేదు.

"తలుపెయ్యండి మాస్టారూ."

అతను తలుపు రెక్కని చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"మాస్టారూ, మీకే చెబుతున్నాను."

"చూసి చెప్పండి మేడమ్, ఏం చేయమంటారో. మీరు చెప్పిందే చేస్తాను."

పదకొండైంది. ముందు బల్లల దగ్గర కుర్చీలు లాగిన చప్పుడు, ఎవరో మెనూ అడిగిన మాట. పదకొండుంపావైంది. పొయ్యి వెలగలేదు.